వీరుడి చావుకు ఒకే దెబ్బ

ఆ రోజు పెద్ద డ్రమ్ము వాయించే అతను చెయ్యాల్సిన పని ఒక్కటే. ఒక్క దెబ్బ కొట్టాలి. పాత వీరకావ్యం ఒకటి తీసుకుని ఓ పెద్దాయన కట్టిన మూడు గంటల సంగీతం అది. ఆఖరున వీరుడు నేలకొరిగినప్పుడు డ్రమ్ము ఒకే ఒక్కసారి మోగుతుంది. అంతదాకా నోట్లో లెక్కపెట్టుకుంటూ నిలబడాలి. ఆ దెబ్బ సరిగ్గా పడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదని మేనేజరు చెప్పేశాడు.

"లెక్క తప్పారో, మా అన్నయ్య ముందు నా పరువు పోతుంది," అంది భార్య, పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేస్తూ. వీరుడి పాటలు పాడేది ఆ అన్నయ్యే.

"తప్పన్లేవే! పక్కన తాళాలాయన ఉన్నాడుగా. టైమొచ్చినప్పుడు మోచేత్తో పొడుస్తానన్నాడు."

తాళాలాయన మాట తప్పే మనిషి కాదు. కాకపోతే ఆ రోజు ఆయనకు జలుబు.

కచేరీ మొదలై గంటయింది. వేదిక మీద పెళ్లి ఘట్టం. వీరుడి వేషంలో ఉన్న బావ పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని 'నూరేళ్లూ నీతోనే' అని రాగం తీస్తున్నాడు. తాళాలాయనకు తుమ్ము ముంచుకొచ్చింది. జేబురుమాలు అడుగుదామని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

ఢామ్!

హాలు హాలంతా ఉలిక్కిపడింది. తుమ్ము ఎటు పోయిందో పోయింది. 'లెక్క తప్పింది నేనా?' అని బెదిరిపోయి తాళాలాయన ఠపీమని తాళాలు మోగించేశాడు. అవి మోగితే లేవాలని మాత్రమే గుర్తు పెట్టుకుని వేదిక మీద వెనక బెంచీల్లో కునుకుతున్న బృందగాయకులు యాభైమంది దిగ్గున లేచి, 'పోయాడు, మన రాజు పోయాడు' అని గొల్లుమన్నారు. ఆ ఏడుపు వినగానే దీపాలవాడు వీరుడి మీద వెలుగు ఆర్పేశాడు. పెళ్లికూతురు అనుభవం ఉన్న మనిషి. ఒక్క క్షణం ఆలోచించి, స్పృహ తప్పి పడిపోయింది.

బావ మాత్రం చీకట్లో పాడుతూనే ఉన్నాడు.

వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు బావ వైపు వంగాడు. "పడిపోండి సార్!" అన్నాడు పళ్లు బిగబట్టి.

"నేనెందుకు పడతాను? ఇంకా నాలుగు పాటలున్నాయి!"

"యాభైమంది ఏడుస్తున్నారండీ!"

"బతికే ఉన్నానని చెప్పండి వాళ్లకి!"

డ్రమ్మతను గబగబా కర్ర దాచబోయాడు. పట్టు జారి కర్ర మళ్లీ డ్రమ్ముకు తగిలింది. ఢామ్! ఆ దెబ్బకు బావ నిజంగానే కూలబడ్డాడు. తెర పడింది.

"ఏమోయ్, చెల్లెల్నిచ్చినందుకా నన్ను చంపావ్?" అంటూ బావ తెరవెనక మీదికొచ్చాడు. ఆయన వెనకే మేనేజరు. ఆయన వెనక, కళ్లు తుడుచుకుంటూ, ఆ సంగీతం కట్టిన పెద్దాయన. పెద్దాయన అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"కొట్టిందెవరు?"

"నేనేనండీ... పొరపాటున..."

పెద్దాయన అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. "పదకొండేళ్లయింది బాబూ! వీరుడు చచ్చేసరికి హాల్లో నేనూ, వాచ్‌మనూ మిగిలేవాళ్లం. ఇవాళ ఒక్కడు కదిలితే ఒట్టు!"

ఉద్యోగం ఖాయమైంది. ఇకమీదట వీరుడు పెళ్లిలోనే పోవాలన్న మార్పుకు కావ్యం చదివిన పెద్దలంతా ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది చచ్చినవాడొక్కడే.