స్విచ్ వేయకూడని శాంపిల్

“కొన్నాక ఏడ్చే ప్రభుత్వాలను మీరు చాలా చూశారు. కొనకముందే పరీక్షించే ప్రభుత్వాన్ని ఇప్పుడు చూడండి” అని నీటి సరఫరా మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. విలేకరులు రాసుకున్నారు. చప్పట్లు కొట్టడానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

సంగతేమిటంటే, కుళాయి కనెక్షన్లు మంజూరు చేసే ఆఫీసులో ఉన్న ఏకైక కంప్యూటర్ కన్నుమూసింది. అది పోయిన దగ్గర్నుంచీ కొత్త కనెక్షన్లు ఆగిపోయాయి. జనం కాళ్లరిగేలా తిరుగుతున్నారు. దాని స్థానంలో ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ కొనాలని, ఆ ఒక్క ఆఫీసుకే కాదు, శాఖలోని ఆఫీసులన్నిటికీ కొనాలని మంత్రిగారు సంకల్పించారు. అయితే ఎవడో చెప్పాడని ఎగబడి కొనేసే మనిషి కాదాయన. ముందు ఒక్క శాంపిల్ తెప్పించి, దాన్ని అన్ని కోణాల్లోంచీ పరీక్షించాకే కొనాలని ఒక కమిటీ వేశారు. కన్వీనర్‌గా ఆ ఆఫీసు సూపరింటెండెంటునే నియమించారు.

ఉత్తర్వు చదువుకుని సూపరింటెండెంటు పొంగిపోయారు. సర్వీసంతా ఇతరుల కమిటీలకు టీలు, కుర్చీలు ఏర్పాటు చేసిన మనిషి ఆయన. ఇన్నాళ్లకు తనకంటూ ఒక కమిటీ వచ్చింది. ఆ సంతోషం వెనక ఇంకో కారణం కూడా ఉంది. ఆగిపోయిన దరఖాస్తుల్లో ఆయనదీ ఒకటి.

అప్పోసప్పో చేసి కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహిణి వచ్చింది, సామాను వచ్చింది, కుళాయి మాత్రం రాలేదు. దాంతో నీటి సరఫరా శాఖ సూపరింటెండెంటు రోజూ తెల్లారకముందే, ఎవరూ గుర్తుపట్టకుండా తలకి తువ్వాలు చుట్టుకుని, ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు పెరట్లోంచి బిందెలతో నీళ్లు మోసుకొస్తున్నారు. హెడ్మాస్టరు మంచివాడు. నీళ్లతోపాటు శాఖ పనితీరు మీద ఉపన్యాసం కూడా ఉచితంగానే ఇస్తాడు.

“ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మీలాంటివాళ్లను చూసే అనుంటారు” అంది భార్య, ఉత్తర్వు చూపించగానే. “పోన్లెండి, కమిటీ మీ చేతుల్లోనే ఉందిగా. ఒక సంతకం పారేసి ఆ కంప్యూటరేదో తెప్పించండి. మీరు మోసుకొచ్చినవి ఓ మూలకి రావడం లేదు. మిగతావి మోసీ మోసీ నా నడుం పడిపోయింది.”

“దానికో ప్రొసీజర్ ఉంటుందే.”

“ప్రొసీజర్‌తో అంట్లు తోముకోమంటారా?”

ఆవిడ నడుం పట్టుకుని లేవడం చూస్తే ఆయనకి నిజంగానే బాధేసింది. “నెలాఖరుకల్లా మనింట్లో కుళాయి ఉంటుంది. నాది పూచీ” అని మాటిచ్చారు.

కమిటీ సమావేశమైంది. లెక్కలకు అకౌంట్స్ ఆఫీసర్. సాంకేతిక విషయాలకు పైపులైన్ల ఇంజనీరు, ఎందుకంటే ఆయన ఇంట్లో కంప్యూటర్ ఉంది. ప్రజల తరపున ఒక పార్టీ కార్యకర్త. అసలు పేరు అందరూ మర్చిపోవడం వల్ల అతన్ని జిందాబాద్ అనే పిలుస్తారు.

షాపు యజమాని పెట్టె విప్పి, ఆల్-ఇన్-వన్‌ను బల్ల మీద నిలబెట్టి, ప్లగ్గు పట్టుకుని గోడ వైపు నడిచాడు.

“ఆగు!” అని అకౌంట్స్ ఆఫీసర్ పెట్టిన కేకకి ఇంజనీరు చేతిలో టీ ఒలికింది. “ఏం చేస్తున్నావు?”

“ఆన్ చేస్తున్నానండీ. చూపించాలి కదా.”

“ఆన్ చేస్తే అది వాడిన సరుకైపోతుంది. వాడిన సరుకుని కొత్త ధరకి ఎందుకు కొన్నారని రేపు ఆడిట్ వాళ్లు అడిగితే నువ్వొచ్చి చెబుతావా?”

ఎంత గండం తప్పిందో తెలిసి కమిటీ ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

“మరి ఆన్ చేయకుండా ఎలా పరీక్షిస్తారండీ?”

“అది మేం చూసుకుంటాం. ముందు దీని సీపీయూ ఎక్కడ పెట్టావో చెప్పు.”

“ఇందులోనే ఉందండీ, తెర వెనకాల. ఆల్-ఇన్-వన్ అంటే అదే కదండీ.”

“కనబడని దాని మీద నేను స్టాకు నంబరు ఎలా వేయను?”

“అన్నీ ఒకదాంట్లోనే ఉండాలని మా నాయకుడు చెప్పారు, ఉన్నాయి” అన్నాడు జిందాబాద్ కోపంగా. “ఇంకా అనుమానాలంటే అది ప్రతిపక్షాల మాట.”

సీపీయూ గొడవ సద్దుమణిగింది గానీ స్విచ్ గొడవ తెగలేదు. కొనందే ఆన్ చేయకూడదు. పరీక్షించందే కొనకూడదు. ఇంజనీరు మంత్రిగారికి లేఖ రాద్దామన్నారు. లేఖ అంటే దానికి జవాబు, జవాబు మీద వివరణ. నెలాఖరు కాదు కదా, ఏడాది చివరికి కూడా తెమలదు. అప్పుడు సూపరింటెండెంటుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

“చూడండి, మీ షాపులో స్విచ్ నొక్కినా ఆన్ అవ్వని శాంపిల్ ఏదైనా ఉందా? అలాంటిదైతే పొరపాటున కూడా వాడిన సరుకు అవ్వదు.”

షాపు యజమాని ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. “నిజంగా అలాంటిదే కావాలాండీ?”

“రాసిస్తాం.”

“అయితే మా షోకేసులో ఒకటుందండీ.”

అరగంటలో పాతది వెళ్లి కొత్త శాంపిల్ వచ్చింది. అదే రంగు, అదే సైజు. పైగా తెర మీద పచ్చటి కొండల బొమ్మ.

“ఆన్ చేయకుండానే ఇంత బొమ్మ వస్తోందంటే, ఆన్ చేస్తే ఎలా ఉంటుందో!” అని ఇంజనీరు ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత కమిటీ చూపించిన దీక్ష గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంజనీరు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి “బరువు లేదు” అన్నారు. చెవి ఆనించి “చప్పుడు లేదు” అన్నారు. అరచెయ్యి ఆనించి “వేడి లేదు” అన్నారు. అకౌంట్స్ ఆఫీసర్ వెళ్లి మీటర్ చూసొచ్చి “కరెంటు ఖర్చు లేదు” అన్నారు. ఇంతలో ఆఫీసు మొత్తానికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆరాయి, కొండల బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఘట్టానికి జిందాబాద్ కళ్లు చెమర్చాయి.

సూపరింటెండెంటు ఎందుకో వేలితో వెనకవైపు తట్టి చూశారు. ఖాళీ డబ్బాలా మోగింది. మళ్లీ తట్టబోయి ఆగారు. భార్య నడుం గుర్తొచ్చింది. సంతకం పెట్టారు. సరఫరాదారు మోసం చేయకుండా అకౌంట్స్ ఆఫీసర్ చివర్లో ఒక షరతు చేర్పించారు: ఇచ్చే సరుకంతా ఈ శాంపిల్‌తో వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి.

తేడా లేకుండానే వచ్చింది. లారీల్లో వచ్చింది. ప్రారంభోత్సవం నాటి ఉదయం, మంత్రిగారు రాకముందు, ఒకసారి ఆన్ చేసి ఉంచుదామని సూపరింటెండెంటు ప్లగ్గు కోసం వెతికారు. ప్లగ్గు లేదు. వైరూ లేదు. స్విచ్ మీద వేలు పెడితే అది స్విచ్ కాదు, స్విచ్ బొమ్మ. వెనక రేకు ఊడదీస్తే లోపల థర్మోకోల్ ముక్క కనిపించింది. మిగతావి కూడా విప్పి చూశారు. షాపు యజమాని షరతు అక్షరాలా పాటించాడు.

తేలు కుట్టిన దొంగలా ఊరుకుందామనుకున్నారు. కానీ కంప్యూటర్ లేకపోతే కుళాయి లేదు. ధైర్యం చేసి, మంత్రిగారు కారు దిగగానే పక్కకి పిలిచి చెవిలో చెప్పేశారు.

మంత్రిగారు నిమ్మకు నీరెత్తినట్టు విన్నారు. “శాంపిల్‌తో సరిపోయాయా?”

“సరిపోయాయండీ.”

“ఏమైనా తేడా ఉందా?”

“వెంట్రుకవాసి కూడా లేదండీ.”

“మరి ఎందుకయ్యా చెమటలు? తేడా ఉంటే కదా అవినీతి!”

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఫొటోలు తీశారు. ఒక కుర్ర విలేకరి మాత్రం “ఆన్ అయిందా సార్?” అని అడిగాడు.

“బొమ్మ కనబడటం లేదా?” అన్నారు మంత్రిగారు.

కనబడుతోంది. విలేకరి కూర్చున్నాడు.

“ఇప్పుడు దీని వేగం చూడండి. ఏమయ్యా సూపరింటెండెంటూ, ఎవరిదైనా కనెక్షన్ పెండింగ్‌లో ఉందా?”

సూపరింటెండెంటు నీళ్లు నమిలారు. “నాదే ఉందండీ.”

మంత్రిగారు కీబోర్డు మీద ఒక వేలితో కొట్టారు. “మంజూరు!”

హాలు దద్దరిల్లింది. చెప్పొద్దూ, ఆ క్షణంలో సూపరింటెండెంటుకి ప్రపంచంలో ఎవరి మీదా కోపం లేదు. ఏది ఎలా నడిస్తేనేం, మాట నిలబడింది. ఇంటికెళ్లి భార్యకి చెబితే ఆవిడ నమ్మక రెండుసార్లు అడిగింది. నమ్మాక నవ్వింది. ఆ నవ్వు ఆయన చూసి చాలాకాలమైంది.

మర్నాడే మనుషులు వచ్చారు. గోడకి కన్నం కొట్టి, సిమెంటు పెట్టి, కొత్త ఇత్తడి కుళాయి బిగించి, గుడ్డతో తుడిచారు. ముఖం చూసుకునేంతగా మెరిసింది. భార్య బిందెలన్నీ తోమి వరసగా పెట్టింది. ఎదురింటి హెడ్మాస్టరు కూడా వచ్చి ప్రహరీ గోడ మీంచి తొంగిచూసి “శుభం” అన్నాడు.

పనివాళ్లు సామాను సర్దుకుంటుంటే సూపరింటెండెంటుకి అనుమానం వచ్చింది. గోడకి అవతలివైపు వెళ్లి చూసి వచ్చారు.

“పైపు ఏదయ్యా?”

“శాంపిల్‌లో లేదండీ” అన్నాడు మేస్త్రీ వినయంగా. “తమరి కంప్యూటర్ రిపోర్టు చూసి మంత్రిగారు ముచ్చటపడి, కుళాయిలకి కూడా అదే పద్ధతిలో కమిటీ వేశారండీ. నీళ్లు వదిలితే వాడిన సరుకవుతుందట. ఇదిగో, తమరు పరీక్షించి ఇక్కడ సంతకం చేయాలి.”

“ఏమండీ, మంచిరోజు చూడ్డం ఎందుకు, ఇప్పుడే తిప్పండి” అంది భార్య, మొదటి బిందె పట్టుకొచ్చి కింద పెడుతూ.

సూపరింటెండెంటు కుళాయి తిప్పారు. పూర్తిగా తిప్పారు. మేస్త్రీ, భార్య, ప్రహరీ గోడ మీంచి హెడ్మాస్టరు అందరూ చూస్తుండగా జేబులోంచి కలం తీసి, కాగితం మీద “లీకేజీ ఏమాత్రం లేదు” అని రాసి, సంతకం పెట్టారు.