చెప్పుల షాపులో శని

సూర్యుణ్ణి బడి గేటుకి వేలాడదీసి, గ్రహాలను చేతిసంచిలో వేసుకుని, చుక్కల మాస్టారు పొద్దున్నే బజారుకి బయలుదేరాడు. ఆయన అసలు సైన్సు మాస్టారు. కప్ప గురించి చెబుతున్నా కిటికీలోంచి ఆకాశంలోకే చూస్తాడని పిల్లలు ఆ పేరు పెట్టారు.

పథకం చాలా సులువు. సూర్యుడు రెండు చేతులా కావలించుకోవాల్సినంత బంతి అయితే, భూమి బఠాణీ గింజ, బృహస్పతి బత్తాయి, శని దానికి తమ్ముడు. దూరాలూ అదే లెక్కన ఉండాలి. బుధుడు, శుక్రుడు బడి గోడ దాటరు. భూమి మెడికల్ షాపులోకి, కుజుడు టైలరు దగ్గరికి, బృహస్పతి మలుపు అవతల గడియారాల కొట్లోకి, శని బజారు చివర చెప్పుల షాపులోకి వస్తారు. ఆ తర్వాతి గ్రహాలు ఊరు దాటిపోతున్నాయని వాటిని ఈసారికి క్షమించాడు.

ఇదంతా బడి మేడమీది గోపురం గది కోసం. ఎవరో పుణ్యాత్ముడు చుక్కలు చూడడానికే దాన్ని కట్టించాడు. ఇప్పుడు అందులో విరిగిన బెంచీలు, వాటి కింద టెలిస్కోపు, దాని మీద పావురాలు కాపురం ఉంటున్నాయి. హెడ్‌మిస్ట్రెస్ ఖచ్చితంగా చెప్పేసింది: "ఇవాళ తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టరమ్మగారికి మీ గ్రహాలు నచ్చితే గది మీది మాస్టారూ. లేకపోతే జిరాక్సు మిషనుది." జిరాక్సు మిషను అప్పటికే వరండాలో అట్టపెట్టెలో ఎదురు చూస్తోంది. దాన్ని చూసినప్పుడల్లా మాస్టారు మొహం తిప్పుకునేవాడు.

బయలుదేరేముందు భార్య ఒక్క మాటే అంది. "అన్నీ బాగున్నాయి గానీ, ఆ శనిని ఎవరు పెట్టుకుంటారండీ?"

"సైన్సుకి శనీ ఒకటే, శుక్రుడూ ఒకటే!"

"సైన్సు పెట్టుకుంటుంది సరే. షాపులవాళ్ళ సంగతి అడుగుతున్నా."

మెడికల్ షాపతను భూమిని గాజుసీసాలో పెట్టి ముచ్చటపడ్డాడు. టైలరు కుజుణ్ణి కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టాడు. గడియారాలాయన బృహస్పతిని కళ్ళకద్దుకుని అద్దాల బీరువాలోకి ఎక్కించాడు. అంతా నల్లేరు మీద బండి నడకలా సాగింది. చెప్పుల షాపాయన కూడా అట్టముక్కతో చేసిన వలయం చూసి మురిసిపోయాడు, కింద అంటించిన పేరు చదివేదాకా.

"బోణీ కాకముందే శనిని తెచ్చి గల్లాపెట్టె మీద పెడతారా మాస్టారూ? నేను మీకేం అపకారం చేశాను?"

"నేను పెట్టడం కాదండీ. లెక్క ప్రకారం శని సరిగ్గా మీ షాపులోకే వస్తాడు."

"వస్తే మాత్రం పీటేసి కూర్చోబెట్టాలా? పక్క కొట్లో పెట్టండి."

"పక్క కొట్టంటే లక్షల మైళ్ళ తేడా!"

"లక్షల మైళ్ళ తేడాయే నాక్కావాలి."

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చే వేళయింది. ఎన్నడూ ఆడని అబద్ధం మాస్టారు అప్పుడు ఆడాడు. శని అన్న కాగితం పీకి, వెనకవైపు బృహస్పతి అని రాసి అంటించాడు. "అసలు పొరపాటు నాదేనండీ. ఇది బృహస్పతి." ఇన్‌స్పెక్టరమ్మ చెవిలో నిజం ఊదెయ్యొచ్చులే అనుకుని బడికి పరుగెత్తాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. గురుబలం దక్కిన చెప్పుల షాపాయన ఊరుకుంటాడా? నేరుగా గడియారాల కొట్టుకి వెళ్ళి, "నాది వలయమున్న బృహస్పతి. నీది బోసి బృహస్పతా పాపం?" అని పరామర్శించి వచ్చాడు. గడియారాలాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. పాత గోడగడియారం ఇత్తడి చట్రం ఊడదీసి తన బృహస్పతికి తొడిగాడు. అది చూసిన టైలరు, కుజుడేం పాపం చేశాడనుకున్నాడు. టైలర్ని చూసి మెడికల్ షాపతనూ అనుకున్నాడు.

ఇవేమీ తెలియని మాస్టారు, వెనక పిల్లల వరుసతో, పక్కన హెడ్‌మిస్ట్రెస్, ఇన్‌స్పెక్టరమ్మలతో, గేటు దగ్గర సూర్యుడి గురించి గలగలా చెప్పి మెడికల్ షాపుకొచ్చాడు. భూమి చుట్టూ రబ్బరుబ్యాండు ఉంది.

"ఇదేమిటి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"వలయమండీ. అందరికీ ఉండగా మనం ఉండే భూమికి లేకపోతే నామోషీ కదా?" అన్నాడు మెడికల్ షాపతను.

టైలరు దగ్గర కుజుడు లేసు కుచ్చిళ్ళు వేసుకుని ఉన్నాడు. "కుట్టు చూడండి, ఎక్కడా దారం కనబడదు," అన్నాడు టైలరు. గడియారాల కొట్లో ఇత్తడి ధగధగలాడింది. మాస్టారు ఇన్‌స్పెక్టరమ్మ పక్కకి చేరబోయాడు. చెవిలో నిజం ఊదుదామంటే మధ్యలో హెడ్‌మిస్ట్రెస్ గోడలా నడుస్తోంది.

చెప్పుల షాపు కిటకిటలాడుతోంది. జనాన్ని తోసుకుని లోపలికెళ్ళాక ఇన్‌స్పెక్టరమ్మ కాగితం చదివింది. "మీ ఆకాశంలో బృహస్పతులు ఇద్దరా మాస్టారూ?"

"గది సంగతి మరిచిపోండి," అని గొణిగింది హెడ్‌మిస్ట్రెస్.

పిల్లలందరూ తన మొహంకేసే చూస్తున్నారు. గది పోతే పోయింది, వీళ్ళకి అబద్ధపు ఆకాశం చూపించలేననుకున్నాడు మాస్టారు. "ఇది శనండీ! ఈయన ఒప్పుకోలేదని నేనే పేరు మార్చాను. తప్పు నాది."

చెప్పుల షాపాయన గావుకేక పెట్టాడు. "పొద్దుట్నుంచీ శనిని పక్కన పెట్టుకుని వ్యాపారం చేశానా? తియ్యండి ముందు!"

"ముట్టుకున్నారంటే ఊరుకోను!" గల్లాపెట్టె దగ్గర్నుంచి ఆయన భార్య లేచింది. "ఈ వలయం చూడ్డానికొచ్చినవాళ్ళు ఊరికే పోలేక తలా ఓ జత కొన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ షాపులో ఇంత బేరం నేను చూళ్ళేదు. శనో, మరోడో, ఈయన ఇక్కడే ఉంటాడు!"

ఇన్‌స్పెక్టరమ్మ ఇక ఆపుకోలేక చెప్పులు వేసి చూసుకునే బల్ల మీద కూలబడి నవ్వింది. "ఇన్నేళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. గ్రహాల కోసం పోట్లాడుకునే బజారు ఇప్పుడే చూశాను," అంది. "అన్నట్టు బృహస్పతికీ సన్నటి వలయాలున్నాయి. చాలామందికి తెలీదు. మీ గడియారాలాయన తెలీకుండానే పెట్టాడు. భూమికీ కుజుడికీ మాత్రం తీయించండి. హెడ్‌మిస్ట్రెస్‌గారూ, ఆ గోపురం గది ఎప్పుడు ఖాళీ చేయిస్తారు?"

ఆ క్షణాన మాస్టారికి భూమి మీద కాలు నిలవలేదు. గడియారాలాయన మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "మాస్టారూ, ఆ శనిని నాకిచ్చి బృహస్పతిని వాళ్ళకి పంపకూడదూ?"

"లెక్క ఒప్పుకోదండీ," అన్నాడు మాస్టారు.

మర్నాడు చెప్పుల షాపు ముందు పెద్ద అక్షరాలతో కొత్త బోర్డు వెలిసింది: "శని ఇక్కడే ఉన్నాడు. ఆదివారం సెలవు."