పురుగు లేని కొట్టు

ఏనుగులు కూడా దారి తప్పేంత పెద్ద అడవిలో, వానాకాలం కోసం జంతువులు అలసందలు దాచుకునే కొట్టు ఒకటి ఉండేది. అందులో పురుగు పడిందో లేదో చూడడం ఏదుపంది ముళ్ళప్ప ఉద్యోగం. పడిందంటే బస్తాలన్నీ మోయించి ఎండబోయించాలి. ఆ చాకిరీ తలుచుకుంటేనే ముళ్ళప్పకు ఒళ్ళుమంట. పైగా సింహంగారు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది.

సహాయకురాలు పలుకులమ్మ అనే చిలుక ఒక గింజ తెచ్చి ముందు పెట్టింది.

"అయ్యా, గింజమీద తెల్లటి చుక్కలు చూడండి. పుచ్చుపురుగు గుడ్లండీ ఇవి."

"గుడ్డు పురుగవుతుందా?"

"రేపో మాపో అవుతుందండీ."

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. ఇవాళైతే కాదు."

పలుకులమ్మ ఇంకో గింజ తెచ్చింది. దానికి దబ్బనంతో పొడిచినట్టు గుండ్రటి బెజ్జం.

ముళ్ళప్ప ఒంటికన్నుతో తొంగిచూశాడు. "లోపల ఎవరూ లేరే! వెళ్ళిపోయినవాళ్ళను ఉన్నట్టు ఎలా చెబుతాం?"

"మరి గింజల్లోపల ఇంకా తింటూ ఉన్నవో?"

"నీకు కనిపించాయా?"

"లేదండీ."

"కనిపించనిదాన్ని ఉందనడం పుకారు."

ఇదివరకు పురుగు పడిందన్న మైనా పొలిమేర కాపలాకు బదిలీ అయింది. అది గుర్తొచ్చి పలుకులమ్మ "చిత్తం" అంది.

సింహంగారు వచ్చారు. బస్తామీద గోధుమరంగు పురుగొకటి నింపాదిగా పాకుతోంది.

"ఇదేమిటయ్యా?"

"దారిన పోయేది ప్రభూ. మన కొట్టుదైతే లోపలే ఉండేది కదా!"

సింహానికి ఆ తర్కం తెగ నచ్చింది. "ఇంత శుభ్రమైన కొట్టు నేనెక్కడా చూడలేదు. ఈ వానాకాలం అందరికీ ఎగువనున్న ఇంకో కొట్టులోంచి పంచండి. ఈ కొట్టు మొత్తం ముళ్ళప్పకే బహుమానం!"

అందరూ చప్పట్లు కొట్టారు. ముళ్ళప్ప ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. సంతోషమే అనుకున్నారంతా.

వానలు పట్టాయి. భార్య సూదమ్మ బస్తా విప్పి చెయ్యి పెట్టింది. లోపల వెచ్చగా ఉంది. గుప్పిట్లోకి పిండీ, గుల్ల గింజలూ వచ్చాయి. పిల్లలు ఆకలని చుట్టూ చేరారు.

"ఎగువ కొట్టులో మనకూ వాటా ఇమ్మని అడగరాదూ?"

"ఏమని అడగనే? ఇవి పుచ్చిపోయాయనా? బాగున్నాయని చెప్పింది నేనేగా!"

సూదమ్మ ఆ గింజలే ఆకులో పోసి అతని ముందుకు తోసింది.

"అయితే ముందు మీరు తినండి. ఆ తర్వాతే పిల్లలకు పెడతాను."

ముళ్ళప్ప తిన్నాడు. పళ్ళకింద కరకరలాడుతున్నవి గింజలో, ఇంకేమో, కిందికి చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

నీతి: తనిఖీ అధికారికి బహుమానం ఇవ్వాలనుకుంటే, ఆయన బాగుందని చెప్పినదాన్నే ఇవ్వండి.