డ్రాగన్‌తో రాజీ

పర్మిట్ల ఆఫీసు సూపరింటెండెంటుగారు గేమ్ మాస్టర్‌గా తమ పనితీరును తక్షణం మెరుగుపరచుకోవాలని నిర్ణయించారు. ఈ సద్బుద్ధి వారికి దానంతట అదే పుట్టింది కాదు. పోయిన ఆదివారం ఆట మధ్యలో ఆయన బావమరిది గురక పెట్టాడు. పళ్ల డాక్టరమ్మగారూ, ఎదురింటి లెక్కల మేడమూ కూడబలుక్కుని, "ఇంకొక్క ఆదివారం చూస్తామండీ. అప్పటికీ ఇలాగే ఉంటే మేం క్యారమ్స్ ఆడుకుంటాం" అని మర్యాదగా చెప్పేశారు. ఆయన గుండెల్లో రాయి పడింది. వారంలో ఆరు రోజులు ఆయన మాట వినేవాళ్ళు గత్యంతరం లేక వింటారు. ఈ ముగ్గురే కావాలని వచ్చి కూర్చునేది. వీళ్ళూ పోతే ఆయనకిక మిగిలేది ఆఫీసే.

ఆట సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. లేని లోకాన్ని ఉన్నట్టు ఒకరు వర్ణిస్తారు. ఆయనే గేమ్ మాస్టర్. మిగతావాళ్ళు ఆ లోకంలో వీరులై, తామేం చేస్తారో చెబుతారు. నెగ్గారో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది; ఎంత పెద్ద అంకె పడితే అంత గెలుపు. ఇంత సులువైన పనిని కష్టతరం చేయాలంటే ప్రత్యేక ప్రతిభ కావాలి. అది సూపరింటెండెంటుగారికి పుష్కలంగా ఉంది.

ఆయన కథలో కొండ గుహలో ఒక డ్రాగన్ ఉంది. కొండకింద ఊరివాళ్ళను వారానికొకరి చొప్పున తింటుంది. వీరులు దాన్ని చంపి ఊరిని కాపాడాలి. పదకొండు ఆదివారాలైనా వీరులింకా గుహ చేరలేదు. కత్తి దూయాలంటే రెండు ప్రతుల్లో దరఖాస్తు పెట్టాలి. మంత్రానికి పక్కవాడి హామీ సంతకం కావాలి. ఓసారి మంత్రగాడైన బావమరిది నది దాటతానంటే, "నది మూడో అధ్యాయంలో ఉంది. మనమింకా రెండోదాంట్లోనే ఉన్నాం" అని తోసిపుచ్చారు. ఈలోగా డ్రాగన్ మాత్రం పదకొండుమందిని క్రమం తప్పకుండా భోంచేసింది. ఆ కథలో వేళకు జరిగిన పని అదొక్కటే.

అభ్యాసం సోమవారమే మొదలైంది. ముప్పైనాలుగు ప్రశ్నలతో అభిప్రాయ సేకరణ పత్రం తయారుచేశారు. స్నానాలగదిలో తలుపేసుకుని డ్రాగన్ గొంతు సాధన చేస్తే, పై వాటావాళ్ళు దగ్గు మందు పంపించారు. ఆయన భార్య డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. చూసి చూసి ఆవిడకు విసుగొచ్చింది.

"ఏమండీ, నేను రోజంతా పక్క సీట్లో కూర్చుంటాను. స్టీరింగు నేర్చుకునేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. నా కాలికింద ఒక్క బ్రేకు, అంతే. మీరేమో వాళ్ళని డిక్కీలో పడేసి బండి నడుపుతున్నారు."

"మరి వాళ్ళు తప్పుదారి పడితే?"

"పడనివ్వండి! 'ఇప్పుడేం చేస్తారు?' అని అడిగి ఊరుకోండి. చచ్చినా మధ్యలో నోరెత్తకండి."

ఇరవైరెండేళ్ళ సర్వీసులో ఆయన ఎవరినీ అడగని ప్రశ్న అది. అద్దం ముందు నిలబడి వల్లె వేశారు. మొదట్లో దాని వెనకే "అందుకు ఆధారమేమిటి?" అని కూడా వచ్చేసేది. శనివారానికి నయమైంది.

ఆదివారం మధ్యాహ్నం దరఖాస్తులన్నీ అటక ఎక్కాయి. నదిని రద్దు చేస్తూ, వీరులను నేరుగా గుహ ముందు దింపారు. "లోపలినుంచి పొగ వస్తోంది. ఇప్పుడేం చేస్తారు?"

"ఏదైనా చెయ్యొచ్చా?" అన్నారు డాక్టరుగారు అనుమానంగా.

"ఏదైనా."

అంతే, గేట్లు ఎత్తేసినట్టయింది. మహాయోధురాలైన డాక్టరుగారు కత్తి జోలికి పోకుండా, లోపల తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో వాకబు చేశారు. దొంగ వేషంలోని లెక్కల మేడం పెరటి దారి కనిపెట్టింది. బావమరిది డ్రాగన్ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అగ్నిని కడుపులో దాచుకుని మాబోటివాళ్ళకు వెచ్చదనం పంచుతున్న త్యాగమూర్తీ! ఊళ్ళో రద్దీ తగ్గిందంటే అది తమరి ఆకలి చలవే!" పాచిక వేస్తే ఇరవై పడింది. డ్రాగన్ కళ్ళు చెమర్చాయి.

సూపరింటెండెంటుగారి నాలుక దురద పెట్టింది. బల్ల అంచు పట్టుకుని నిగ్రహించుకున్నారు. సాయంత్రానికి ఒప్పందం కుదిరింది. వీరులనూ వారి బంధుమిత్రులనూ తినకూడదు. బదులుగా ఏ వారం ఏ ఇంటివారో లెక్కల మేడం పట్టిక వేసిచ్చింది, డ్రాగన్‌కు వెతుక్కునే శ్రమ లేకుండా. ముగ్గురూ పడీపడీ నవ్వారు, టీ చల్లారిందని కూడా చూసుకోలేదు.

"బావగారూ, ఇంత సహజంగా ఎప్పుడూ ఆడలేదు! మీలాంటి గేమ్ మాస్టర్ ఇంకొకరు లేరు!" అన్నాడు బావమరిది. ఇక ప్రతి ఆదివారం వస్తామని ఆడవాళ్ళిద్దరూ మాటిచ్చారు. సూపరింటెండెంటుగారు సంతోషంతో అందరికీ మళ్ళీ వేడి టీ పోశారు. అయినా ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

"మరి ఆ ఊరివాళ్ళ సంగతో?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. డాక్టరుగారే జాలిపడి చెప్పారు: "వాళ్ళెవరూ ఆటలో లేరు కదండీ."

జవాబు సమంజసంగానే తోచి ఆయన తలూపారు. పాఠకమహాశయులు కూడా కంగారు పడనక్కర్లేదు. పట్టికను ఆసాంతం పరిశీలించడమైనది. అందులో మనవాళ్ళెవరూ లేరు.