వీడియో ప్లేయర్ ఎంపిక కమిటీ

ఆదోనిలో మంచినీళ్ళ వ్యవహారాలు చూసే ఒక కార్యాలయం ఉంది. ఏదని అడగకండి, దానికి ప్రచారం గిట్టదు. ఆఫీసు కంప్యూటరులో ఏ వీడియో ప్లేయర్ ఉండాలో తేల్చడానికి ఆ కార్యాలయం ఈ మధ్య ఐదుగురు పెద్దలతో ఒక కమిటీ వేసింది. ఇంతటి చారిత్రక నిర్ణయానికి కారణం హుసేనమ్మ.

హుసేనమ్మ గోనెగండ్ల దాటాక వచ్చే ఒక పల్లెలో కూలికి పోయే మనిషి. ఆ ఊరి కొళాయిల్లో నాలుగు నెలలుగా నీళ్ళు టీ రంగులో వస్తున్నాయి. పాలు కలిపిన టీ. ఆమె మనవరాలు వాంతులతో రెండుసార్లు ఎమ్మిగనూరు ఆస్పత్రిలో పడుకుని వచ్చింది. రెండోసారి వచ్చాక కూతురు సంతోషి కొళాయి కింద చెయ్యి పెట్టి ఫోనులో వీడియో తీసింది. కార్యాలయంలో చూపిస్తే, ఫోను చెల్లదు, పెన్ డ్రైవులో తెమ్మన్నారు. హుసేనమ్మ ఆ రోజు కూలి మానుకుని తెచ్చింది.

కంప్యూటర్ ఆపరేటర్ దీపశ్రీ దాన్ని పెట్టింది. మాట వచ్చింది, బొమ్మ రాలేదు. నల్లటి తెర వెనక నుంచి సంతోషి గొంతు, "ఇవే సార్ మేము తాగే నీళ్ళు" అంది. సూపరింటెండెంట్ సేతుమాధవరావు కళ్ళజోడు తుడుచుకుని చూశాడు.

"అయ్యో, మరీ ఇంత నల్లగా ఉన్నాయా!" అని విచారపడ్డాడు.

"నీళ్ళు కాదు సార్, ప్లేయర్ పాతది. ఇంకోటి దించుకుంటే సరి. ఉచితమే. రెండు నిమిషాల పని" అంది దీపశ్రీ.

రెండు నిమిషాల పని అనే మాట ఆ గోడల మధ్య వినపడటం అదే మొదలు. దాని తీవ్రతను గుర్తించి సాయంత్రానికల్లా కమిటీ వేశారు.

దీపశ్రీ చెప్పిన యాప్‌కు రోడ్డు పనులప్పుడు పెట్టే నారింజ రంగు కోను గుర్తు ఉంది. అది రోడ్ల శాఖ సొత్తయి ఉండవచ్చునని కమిటీ అనుమానించింది. పైగా ఉచితం. ఉచితమైన దానికి టెండరు ఉండదు, టెండరు లేనిదానికి ఫైలు ఉండదు, ఫైలు లేనిది ఈ లోకంలో ఉన్నట్టే కాదు. రెండో యాప్‌లో తెలుగు లేదని తోసిపుచ్చారు. మూడోదాంట్లో తెలుగు ఉంది. ఆ తెలుగు అర్థంకాక, మొదలుపెట్టిన వీడియోను ఆపలేక కరెంటు పోయేదాకా చూశారు. పరీక్షకు హుసేనమ్మ వీడియో వాడితే పక్షపాతం అవుతుందని, కమిటీ సభ్యుడొకరి కూతురి పెళ్ళి వీడియో పెట్టుకున్నారు. నాలుగు సమావేశాల్లోనూ తలంబ్రాల దగ్గర సభ్యులు కంటతడి పెట్టారని మినిట్సులో నమోదైంది.

హుసేనమ్మ సోమవారం సోమవారం వస్తూనే ఉంది. గోనెగండ్ల దాకా ఆటో, ఎమ్మిగనూరుకు ఒక బస్సు, ఆదోనికి ఇంకో బస్సు. నాలుగో సోమవారం ఆమెకు ఓపిక చచ్చిపోయింది.

"సారూ, బొమ్మ రాకపోతే పోనీండి. మా ఊరికొచ్చి సూడండి. ఆడ కొళాయి తిప్పితే ఏ యాపూ లేకుండానే కనపడతాది."

"అమ్మా, మీరు అర్జీలో వీడియో జతపరిచామని రాశారు. ఇక వీడియోనే చూడాలి. నీళ్ళను నేరుగా చూసే అధికారం నాకు లేదమ్మా" అన్నాడు సేతుమాధవరావు. ఆయన చెడ్డవాడు కాడు. క్యాను నీళ్ళు ఒక గ్లాసు తెప్పించి ఇచ్చాడు. హుసేనమ్మ ఆ గ్లాసును వెలుతురుకెత్తి చాలాసేపు చూసి తాగింది. మనవరాలు గుర్తొచ్చి, దాహం తీరినట్టు మాత్రం అనిపించలేదు.

ఏడో సోమవారానికి యాప్ ఖరారైంది. కార్యాలయం పెద్దసారు హుసేనమ్మ ముందే వచ్చి కంప్యూటరుకు కట్టిన రిబ్బను కత్తిరించారు. "ఈ రోజు మన కార్యాలయానికి కళ్ళు వచ్చాయి!" అని ఇరవై నిమిషాలు మాట్లాడారు. తర్వాత వీడియో వేశారు. తెర నిండా టీ రంగు నీళ్ళు.

హుసేనమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "సూసినారా సారూ! నేను అబద్ధం సెప్పినానా?"

పెద్దసారు తెరకు దగ్గరగా వంగారు. "రంగు తేడాగా ఉందే. ఈ యాప్‌లో రంగు సరిచేసే సదుపాయం ఉందని రాశారు కదా?"

ఉంది. ఎంపిక చేసిందే అందుకట. దీపశ్రీ చేత ఆ మీట జరిపించారు. నీళ్ళు ముందు ఆకుపచ్చగా, తర్వాత ద్రాక్షరసంలా మారి, చివరికి కొబ్బరినీళ్ళంత తేటపడ్డాయి. సంతోషి చెయ్యి నీలంగా మారింది గానీ, చెయ్యి గురించి అర్జీలో ఏమీ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"సార్, మారింది రంగే కదా!" అంది దీపశ్రీ.

"ఫిర్యాదు కూడా రంగు గురించే కదమ్మా" అన్నారు పెద్దసారు.

హుసేనమ్మ లేచి నిలబడింది. "సారూ, ఆ మీట మా ఇంటి కొళాయికి యాడుంటాదో అది గూడా సెప్పండి."

సేతుమాధవరావు తల దించుకున్నాడు. దించుకున్న తలతోనే "సమస్య పరిష్కరించబడినది" అని రాసి సంతకం పెట్టాడు. ఆ చేత్తోనే పెన్ డ్రైవు తీసి హుసేనమ్మకు ఇచ్చాడు.

తిరుగు బస్సులో ఆమె ఊరివాడే బసప్ప పక్క సీటులోంచి ఫోను చాపాడు. కార్యాలయం వాళ్ళు అప్పుడే ఆ వీడియోను లోకానికి వదిలారు.

"అక్కా, ఇది సూసినావా? మనూరి నీళ్ళంట! ఎంత తేటగుండాయో."

"నువ్వు పొద్దున తాగినేటివి యావి రా అప్పా?"

బసప్ప ఫోను వెనక్కి తీసుకున్నాడు. "అవి వేరేలే అక్కా" అని లైకు కొట్టాడు.

వారం తిరక్కుండానే నందవరం వైపు నుంచి ఒక గుంపు, ఆ పల్లెకిచ్చే నీళ్ళే మాకూ ఇవ్వాలని అర్జీ పట్టుకుని వచ్చింది. హుసేనమ్మ మాత్రం పాత చీర మూడు మడతలేసి నీళ్ళు వడగట్టి, కాచి, మనవరాలికి పోస్తోంది.

ఆ వీడియోను ఇప్పటికి పదకొండు వేల మంది మెచ్చుకున్నారు. ఒకే ఒక్కరు మాత్రం కింద, "ఆ చెయ్యి ఎందుకు నీలంగా ఉంది?" అని అడిగారు. ఆ ఒక్కరూ మీరే అయి ఉంటారని మీరు అనుకుంటున్నారు. పదకొండు వేల మందీ అదే అనుకుంటున్నారు.