లేని ఇనుము

మానవజాతి సాధించిన ఘనకార్యాలన్నిటిలోకీ గొప్పది ఫారం. అందులో గడి లేని వస్తువు లోకంలో లేనట్టే.

కాస్టిక్ సోడా ఫ్యాక్టరీలో పనిచేసే వడపోత అక్కకు ఈ సంగతి బోధపడడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆమె కనిపెట్టుకుని ఉండేది ఒక నిలువెత్తు గొట్టాన్ని. దాని నిండా ఆవాలంత రెజిన్ పూసలు. పైనుంచి కాస్టిక్ ద్రావణం పోస్తే, అందులో కరిగి ఉన్న ఇనుమును పూసలు పట్టేసుకుంటాయి. కింద దిగినదాన్ని పరీక్షించి అక్క "ఇనుము: లేదు" అని ఫారంలో రాస్తుంది. (పైన పోసేదాని సంగతి రాయడానికి గడి లేదు.)

ఎంత కడిగినా పూసల సత్తువ తగ్గిపోతుండడంతో కొత్తవి కావాలని అర్జీ పెట్టింది. అనవసర వస్తు నివారణాధికారి పాత ఫారాలన్నీ తిరగేశారు.

"ఏమ్మా, తొమ్మిదేళ్లలో ఒక్కరోజైనా ఇనుము లేదే! లేనిదాన్ని పట్టుకోడానికి పూసలెందుకు?"

"పూసలు పట్టుకుంటున్నాయి కాబట్టే లేదు సార్."

"అయితే ఆ పట్టుకున్నది చూపించు."

అక్క మర్నాడే పూసలను ముందు నీళ్లతో, తర్వాత యాసిడ్‌తో కడిగి, పసుప్పచ్చగా దిగిన కడుగునీళ్లు సీసాలో తీసుకెళ్లింది. పరీక్షిస్తే బోలెడు ఇనుము తేలింది. అధికారి ముఖం వెలిగిపోయింది.

"చూశావా! ద్రావణంలో లేదు, పూసల్లో ఉంది. ఇన్నాళ్లూ ఇనుమును నువ్వే దాచిపెట్టావన్నమాట!"

రెజిన్‌ను 'ఇనుమునకు మూలస్థానము'గా ప్రకటిస్తూ సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. పూసలు బస్తాలకెక్కాయి. పూసలే లేని గొట్టం దగ్గర మనిషెందుకని రేపు అడుగుతారేమోనని అక్క ఇంటికొచ్చి వాపోయింది.

"బాగుందే," అంది అత్తగారు పప్పులో రాళ్లు ఏరుతూ. "ఈ రాళ్లు నేనే పోశానంటారు కాబోలు."

వారం తిరక్కుండా సబ్బుల కంపెనీ నుంచి సరుకంతా వెనక్కి వచ్చింది. తెల్ల సబ్బులు పచ్చబడ్డాయట. అక్క ఫారంలో మొదటిసారి "ఇనుము: ఉంది" అని రాసింది. (కాస్త సంతోషంగానే రాసింది, మనిషన్నాక తప్పదు.)

విచారణ సంఘం మూడుసార్లు కూర్చుని, దోషిని కనిపెట్టి, అక్కకు మెమో పంపింది: "ఫ్యాక్టరీలో ఇనుము ఉన్నదని తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా తెలియజేయకపోవుటకు వివరణ ఇవ్వవలెను."

మెమో కొట్టింది అక్క నింపిన పాత ఫారం మీదే, "ఇనుము" అన్నది కొట్టేసి "వివరణ" అని పెట్టి. దాంతో "వివరణ" పక్కన "లేదు" అని ముందే రాసి ఉంది. అక్క సంతకం పెడితే చాలు.