ఓంప్రకాశ్ గారు నేల మీద కూర్చున్న విధంబెట్టిదనిన

"ఇగ మన వరంగల్ల నిలబడి తినేటోడు ఎలక్షన్ల నిలబడలేడు" అని ఓంప్రకాశ్ గారు హనుమకొండ ప్రెస్‌మీట్‌లో ప్రకటించిన రోజును చరిత్రకారులు బంగారు అక్షరాలతో రాస్తారు. వాళ్లు రాయకపోతే ఆయనే రాయిస్తారు.

ఓంప్రకాశ్ గారు మాజీ ఎమ్మెల్యే. ప్రస్తుతం సంప్రదాయ పరిరక్షణ మండలి చైర్మన్. మంత్రివర్గ విస్తరణలో చోటు దొరక్కపోయేసరికి ఆయన ఏమాత్రం కుంగిపోకుండా తన దృష్టిని విస్తరి మీదికి మళ్లించారు. పెళ్లిళ్లలో బఫేలు బంద్. బల్లలు బంద్. కుర్చీ అనేది కంటికి కనపడకూడదు. ఉన్నవాడూ లేనివాడూ అందరూ నేల మీద బంతిలో కూర్చుని ఆకులోనే తినాలి. ఉద్యమం పేరు 'నేల బంతి'.

"నేల విడిచి సాము చెయ్యొద్దన్నరు పెద్దలు. నేల విడిచి భోజనం గూడ చెయ్యొద్దంటున్న నేను" అన్నారాయన.

దీనికి ఆధారమేమిటని ఒక విలేకరి అడిగితే, పక్కనున్న అనుచరుడు మైకు అందుకుని, వేయిస్తంభాల గుడిలో అన్ని స్తంభాలున్నాయి గానీ ఒక్క కుర్చీ అయినా ఉన్నదా అని ఎదురడిగాడు. విలేకరి అదే రాసుకున్నాడు. చరిత్ర తెలిసినవాళ్లతో వాదించడం కష్టం.

నాది టెంట్ హౌస్. ఈ దేశంలో కుర్చీని వదులుకున్న నాయకుణ్ని మొదటిసారి చూస్తున్నాననే ఆనందంలో నేనూ చప్పట్లు కొట్టాను. ఆయన వదులుకున్నవి నా కుర్చీలని అర్థం కావడానికి మర్నాడు దాకా పట్టింది.

ఉద్యమం ఊపందుకుంది. ములుగు నుంచి బస్సుల టాపుల మీద విస్తరాకుల కట్టలు దిగాయి. ఒక ఆఫీసు క్యాంటీన్‌లో ఉద్యోగులు నేల మీద తిని, తిన్నచోటే నడుం వాల్చారు. పనిలో పెద్ద తేడా రాలేదని పై అధికారి మెచ్చుకున్నారు. ఒక పెళ్లిలో రిటైరైన హెడ్మాస్టరు కూర్చోవడం కూర్చున్నాడు గానీ లేవలేక, అక్కడే వరసగా మూడు బంతులు తిన్నాడు. సంప్రదాయానికి జనం ఇంత ఆకలిగా ఉన్నారని తాను ఊహించలేదని ఓంప్రకాశ్ గారు కళ్లు తుడుచుకున్నారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన పీఏ సుదర్శన్ నా షాపుకొచ్చి, తనే షట్టరు సగం దించి, గొంతు కూడా సగం దించాడు.

"అన్నా, ఒక్క కుర్సీ గావాలె. జర మెత్తగుండాలె. చేతులుండాలె."

"ఎవరికి?"

"అన్నకు."

సంగతేమిటంటే, ప్రెస్‌మీట్‌కు ముందే ఓంప్రకాశ్ గారికి హైదరాబాదులో రెండు మోకాళ్లూ మార్చారట. ఆ వారాల్లో ఆయన ఢిల్లీలో అధిష్ఠానంతో కీలక చర్చల్లో ఉన్నారని పేపర్లలో మనమంతా చదివాం. కొత్త మోకాళ్లతో నడవవచ్చు, మెట్లెక్కవచ్చు, పార్టీలు కూడా మారవచ్చు. నేల మీద కూర్చోవడం మాత్రం కుదరదని డాక్టరు తేల్చి చెప్పాడు. మా నాయకుడు ఎవరి ముందూ వంగడని అనుచరులు గొప్పగా చెప్పుకుంటారు. అది వైద్యపరంగా కూడా నిజమని నాకు ఆనాడే తెలిసింది. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినవాళ్లను చూశాం గానీ, లేని మోకాలికీ ఉన్న సంప్రదాయానికీ ముడిపెట్టిన ఘనత ఈయనదే.

మరి కూర్చోలేని మనిషికి ఈ కూర్చునే ఉద్యమం దేనికని అడిగాను.

"ఆపరేషన్ గాకముందు రాసిన స్పీచ్ అన్నా అది. ఫ్లెక్సీలు గూడ అచ్చయి ఉండె. మోకాళ్లు మార్సినంత ఈజీ గాదు, ఫ్లెక్సీలు మార్సుడు" అన్నాడు సుదర్శన్. "నువ్వు ఫికర్ జెయ్యకు. అన్న నేల దాక దిగలేడు. కుర్సీ దిగుతది."

దిగింది. గ్రానైటు కోసే జలాల్ భాయ్ అనే మేస్త్రి వచ్చి, ఓంప్రకాశ్ గారి హాల్లో నేలను చతురస్రంగా కోసి మోకాటి లోతు గుంట తవ్వాడు. అందులో నా కుర్చీ పెట్టాం. ఆయన కుర్చీలో కూర్చుంటే నడుము సరిగ్గా నేలకు సమానంగా వచ్చింది. కాళ్లు వేలాడే చోటును చాపతో మూశాం. రెండు దిండ్లను పంచెలో చుట్టి ఒడి ముందు పరిస్తే, బాసింపట్టు వేసుకున్న మోకాళ్లు తయారయ్యాయి. ఎదురుగా విస్తరి. ఆసనం వేయలేనివాడు శాసనం చేయగలిగాడంటే ఆ దిండ్ల చలవే.

జలాల్ భాయ్ చేతులు కడుక్కుంటూ కాసేపు చూశాడు.

"మా ఇంట్ల దస్తర్‌ఖాన్ పరుసుకొని రోజూ కిందనే తింటం సారూ. మా తాత గట్లనే తినె, మా అబ్బా గట్లనే తినె. ఇట్ల తవ్వుకోవాల్నని మాకెవ్వరు చెప్పకపాయె."

ఓంప్రకాశ్ గారు ఓపికగా వివరించారు. "మీరు తినేది ఉత్తగ కింద కూసొని తినుడు భాయ్. నాది సంప్రదాయం."

"ఏం ఫరక్ సారూ?"

"కెమెరా" అన్నాడు సుదర్శన్.

ఆ వారమే టీవీ వాళ్లు వచ్చారు. ఇంటర్వ్యూ నడిచినంతసేపూ ఓంప్రకాశ్ గారి మోకాలు ఒక్కసారి కూడా కదలలేదు. ఎదురుగా కూర్చున్న యాంకరమ్మ కాళ్లు తిమ్మిరెక్కి రెండుసార్లు బ్రేక్ అడిగింది. లైవ్‌లోకి ఫోన్ చేసిన యోగా గురువు ఒకాయన, ఇంత స్థిరత్వం తాను హిమాలయాల్లో కూడా చూడలేదని ప్రకటించాడు. దిండ్లకు అంత పేరొస్తుందని నేనూ అనుకోలేదు.

తర్వాతి అడుగు పెళ్లి. పేదవాళ్ల ఇంటి పెళ్లిలో పెళ్లికూతురి పక్కన కూర్చుని, మొదటి బంతిలో తిని, ఉద్యమాన్ని ప్రజల్లోకి తీసుకుపోవాలని నిర్ణయం జరిగింది. పేదవాడు కూడా దొరికాడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే రాయమల్లు. బిడ్డ తిరుమల పెళ్లి. హాలు ఓంప్రకాశ్ గారి బామ్మర్దిది; కిరాయి లేదు. షరతు ఒక్కటే, హాల్లో కుర్చీ కనపడకూడదు.

ఆ షరతు చెప్పడానికి సుదర్శన్ వెళ్తూ నన్నూ తీసుకుపోయాడు. రాయమల్లు ఇంటిముందు వాళ్లమ్మ చిలుకమ్మ కూర్చుని ఉంది, ప్లాస్టిక్ కుర్చీలో. సుదర్శన్ ముఖం మాడింది.

తిరుమల తల్లి కాన్పులోనే పోతే పిల్లను చిలుకమ్మే పెంచింది. ఎత్తుకుని నాట్లకు పోయింది, కలుపులకు పోయింది. ఇప్పుడు ఆమెకున్నది ఒక్కటే కోరిక. పెళ్లిలో మనవరాలి పక్కన, మొదటి బంతిలో, ఇంత అన్నం తినాలి. మోకాళ్లు మాత్రం ఎప్పుడో అరిగిపోయాయి. కింద కూర్చోలేదు.

కుర్చీ వేస్తే ఫోటో ఖరాబవుతుందని సుదర్శన్ నచ్చజెప్పాడు. సంప్రదాయం అవ్వా, అన్నాడు.

"నేను పుట్టినకాడ్నుంచి కిందనే తిన్న బిడ్డా" అంది చిలుకమ్మ. "అన్నేండ్లు ఎవ్వలొచ్చి ఒక్క ఫోటో దియ్యకపోతిరి. ఇప్పుడు మోకాళ్లు పోయినంక కింద కూసో అనబడ్తిరి."

పోనీ వెనక రూములో టేబులు వేయిస్తాను, ఎవరూ చూడకుండా తినెయ్యి, అన్నాడు సుదర్శన్. అది మా ఉద్యమంలో అనుమతించిన పద్ధతే అని కూడా హామీ ఇచ్చాడు.

"నా మనుమరాలి పెండ్లిల నేను దొంగతనంగ తినుడేంది?"

రాయమల్లు తల్లి వైపూ పీఏ వైపూ చూసి తల వంచుకున్నాడు. హాలు ఉచితం. వేరే హాలు దొరికే రోజులు కావు. లోపల్నుంచి తిరుమల మాత్రం గట్టిగానే వినిపించింది. "మా బాపమ్మ నా పక్కన కూసుండకుంటె నేను ముద్ద ముట్ట."

పెళ్లిరోజు హాలు చూడముచ్చటగా ఉంది. కుర్చీ అన్నదే లేదు, ఉన్నది ఒకటి భూమిలో ఉంది. ముందురాత్రే జలాల్ భాయ్ పెళ్లికూతురు కూర్చునే చోటు పక్కన గుంట కోసి పెట్టాడు. దాని మీద చాప. చాప ముందు విస్తరి, పంచెలో చుట్టిన దిండ్లు. కాపలా నాది.

తాళి కట్టడమైంది. మొదటి బంతి తీరి కూర్చుంది. బగారన్నం వడ్డించారు. ఓంప్రకాశ్ గారు రానిదే ముద్ద ముట్టకూడదని సుదర్శన్ ప్రకటించి, ఎదురు వెళ్లడానికి గేటు దగ్గరికి పరుగెత్తాడు. అన్నం ఆవిర్లు ఆగిపోయాయి. తిరుమల చేయి ఒళ్లో పెట్టుకుని బాపమ్మనే చూస్తోంది. బాపమ్మ గోడ పట్టుకుని నిలబడి మనవరాలినే చూస్తోంది.

కాసేపటికి చిలుకమ్మ గోడ వదిలింది. కూర్చోలేకపోతే పక్కన నిలబడనైనా నిలబడతాననుకుందేమో, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పెళ్లికూతురి పక్కన కర్ర చాపలోకి దిగబడింది. వంగి చాప ఎత్తి చూసింది. లోపల మెత్తటి కుర్చీ, చేతులున్నది.

"నా వయసుల బొంద అంటె ఒక్కటే ఎరుకుండె బిడ్డా" అంది నాతో. "కుర్సీ ఏసిన బొంద ఇప్పుడే సూస్తి. నాకోసమేనా?"

కాపలా ఉన్నవాడు ఏం చేయాలో సుదర్శన్ నాకు చెప్పలేదు. ముసలమ్మ దిగుతుంటే చేయి అందించడం టెంట్ హౌస్ వాళ్ల మర్యాద. అందించాను. ఆమె కూర్చుంది. నడుము నేలకు సమానంగా వచ్చింది. తిరుమల భుజానికి ఆమె భుజం ఆనింది.

సరిగ్గా అప్పుడే డప్పులు, కెమెరాలు, వాటి వెనక ఓంప్రకాశ్ గారు ప్రవేశించారు. తన చోటులో ఒక ముసలమ్మ తన దిండ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండడం చూశారు. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు గానీ, తవ్వించినవాడికి అందులో పడే అదృష్టం కూడా ఉండాలి. సుదర్శన్ ఒక్క ఉరుకున వచ్చి ఆమె చెవిలో, లేవమని, అది అన్న చోటని గొణిగాడు. చిలుకమ్మకు చెవులు బాగానే పనిచేస్తాయి, గొంతు ఇంకా బాగా పనిచేస్తుంది.

"అన్న తవ్విచ్చిండా? నాకోసం?"

టీవీ మైకులన్నీ ఆమె ముందు వాలాయి. ఆమె వాటితో ఎప్పటినుంచో పరిచయం ఉన్నట్టే మాట్లాడింది. "కన్నకొడుక్కు గూడ రాని ఆలోచన బిడ్డా. ముసల్ది కింద కూసోలేదు, బంతిల తినాల్నని దానికి పానం కొట్టుకుంటాంది అని తెలుసుకొని భూమి తవ్వి కుర్సీ ఏసిండు. సల్లగుండాలె."

హాలంతా చప్పట్లు. రాయమల్లు కళ్లొత్తుకున్నాడు. ఓంప్రకాశ్ గారి ముఖంలోకి కోపం, భయం, ఆకలి వరసగా వచ్చి బంతి తీరి కూర్చున్నాయి. చివరికి చిరునవ్వు వచ్చింది. చప్పట్లు విన్నాక ఆయన ఆగలేరు. మైకు అందుకున్నారు.

"ఇది ఒక్క అవ్వ కోసం గాదు. డెబ్బై దాటిన ప్రతి అవ్వకు, ప్రతి తాతకు, ప్రతి ఫంక్షన్ హాల్ల ఇట్లాంటి గుంట. డెబ్బై లోపటోళ్లు ఎవ్వలు అందుల కూసున్నా సంప్రదాయ ద్రోహం. ఆఖరికి నేను కూసున్నా సరే."

చప్పట్లు రెట్టింపయ్యాయి. సుదర్శన్ నెత్తి పట్టుకున్నాడు.

"మంచిది బిడ్డా" అంది చిలుకమ్మ. "మరి నువ్వు గూడ కూసో. అన్నం సల్లారుతాంది."

కెమెరాలన్నీ ఆయన కాళ్ల వైపు తిరిగాయి. ఓంప్రకాశ్ గారు, ఈతరాని మనిషి బావి వైపు చూసినట్టు, నేలను చాలాసేపు చూశారు. ఈరోజు తనకు ఉపవాసమన్నారు. పెళ్లికొచ్చి ఉపాసమేంది, ఏం మొక్కు, అని చిలుకమ్మ నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ప్రజలు తింటే తన కడుపు నిండుతుందన్నారాయన.

అయితే నిండింది. చిలుకమ్మ మొదటి ముద్ద తిరుమల నోట్లో పెట్టి, రెండో ముద్ద తను తిని, బగారన్నం మారు వేయించుకుంది. మొదటి బంతి, రెండో బంతి, చివరి బంతి లేచేదాకా ఓంప్రకాశ్ గారు అలాగే నిలబడే ఉన్నారు. ప్రజల పక్షాన నిలబడ్డ నేత అని మర్నాడు పేపర్లో వచ్చింది. ఫోటోలో ఆయన చూపు పప్పుచారు బకెట్ మీద ఉంది.

ఆ తర్వాత ప్రతి హాల్లో గుంటలు వెలిశాయి. ప్రతి గుంటకూ నా దగ్గరే కుర్చీ తీసుకుపోయారు. ముసలివాళ్లు దిగి, తిని, దీవించి వెళ్తున్నారు. ఓంప్రకాశ్ గారు మాత్రం పెళ్లి పెళ్లికీ ఉపవాసముండి సన్నబడ్డారు. ఆ సన్నబడడం మీద కూడా ఒక వ్యాసం వచ్చింది.

మొన్న సుదర్శన్ మళ్లీ వచ్చాడు. ఈసారి షట్టరు దించలేదు. పెద్ద పందిరి కావాలన్నాడు, పూల దండలు కావాలన్నాడు.

"అన్నకు డెబ్బై నిండినయి. భీమరథ శాంతి చేస్తానం."

"పోయినేడాదే గద సుదర్శన్, షష్టిపూర్తికి పందిరేసింది మనమే."

"ఒక్క ఏడాదిల పదేండ్ల పని చేసిండన్నా అన్న" అన్నాడు సుదర్శన్, కళ్లలోకి చూస్తూ.

శాంతి హోమానికి దంపతులిద్దరూ కూర్చోవాలి కదా, వదినమ్మ సంగతేమిటని అడిగాను.

"వదిన యాభై అయిదు కాడనే ఆగిందన్నా. నిన్నటిసంది చెప్తానం, ఒక్క ఏడు గూడ ముందటికి జరుగుత లేదు."

అందుకని పందిట్లో ఒక్క గుంటే తవ్విస్తున్నారు.